రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కు బయటి కంపెనీ సైలెన్సర్ బిగించవచ్చా? ఘాట్ ప్రయాణాలు చేసేవారు చెప్పగలరు

గాలికొండ:
సభ్యులందరికీ నమస్కారం. నాది 2021లో కొన్న బీఎస్ 6 హిమాలయన్ 411. విశాఖలో ఉంటాను. నెలలో రెండు ఆదివారాలైనా నర్సీపట్నం మీదుగా లంబసింగికో, పాడేరు వైపు వంజంగికో వెళ్లి వస్తుంటాను. పోయిన నెల ఒక గెడ్డ దాటుతూ రాళ్లలో కుడివైపుకు పడిపోయాను. సైలెన్సర్ సొట్టపోయింది, లోపలి రేకు కూడా ఊడినట్టుంది, 3000 ఆర్‌పీఎం దగ్గర డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు మోగుతోంది. కంపెనీ సైలెన్సర్ ధర విన్నాక, విడిభాగాలు అమ్మే ఒకాయన దగ్గర స్లిప్-ఆన్ చూశాను. బరువు మూడు కిలోలు తగ్గుతుందని, లాగుడు పెరుగుతుందని, శబ్దం 94 డెసిబెళ్లు మించదని ఆయన చెప్పాడు. బిగించవచ్చా? ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో, మార్పులు చేయించాలా?

రెండో గేరు:
బిగించెయ్యి తమ్ముడూ, ఇప్పుడు ఆ బండికి ఉన్నది కుట్టుమిషన్ గొంతు.

పాత క్లచ్:
గాలికొండ గారూ, కొనబోయేది ఏ రకమో ముందు తేల్చుకోండి. ఇంజిన్ నుంచి వచ్చే బెండు పైపును అలాగే ఉంచి చివరి డబ్బాను మాత్రమే మార్చేది స్లిప్-ఆన్. ఇంజిన్ హెడ్ దగ్గర నుంచి మొత్తం మార్చేది ఫుల్ సిస్టమ్. ఫుల్ సిస్టమ్ పెడితే చాలాసార్లు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) కూడా పోతుంది, ఆ జోలికి వెళ్లవద్దు. స్లిప్-ఆన్ విషయంలో, క్యాట్, ఆక్సిజన్ సెన్సార్ రెండూ మీరు విప్పబోయే చోటికి ముందే ఉన్నాయో లేదో బండి కింద పడుకుని కళ్లతో చూసుకోండి, అమ్మేవాడి మాట మీద వదిలెయ్యకండి. అవి కదలకపోతే ఈసీయూతో పని పడదు, ఎందుకంటే నిలకడగా నడిచేటప్పుడు సెన్సార్ ఇచ్చే సమాచారాన్ని బట్టి అదే పెట్రోలును హెచ్చు తగ్గులు చేసుకుంటుంది. త్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం సెన్సార్‌ను పక్కన పెట్టి, ముందే రాసి ఉన్న పట్టిక ప్రకారం పెట్రోలు పోస్తుంది. గాలి ఎక్కువై పెట్రోలు చాలకపోవడం జరిగితే అక్కడే జరుగుతుంది. నెల తిరిగాక స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. సున్నం రాసినట్టు తెల్లగా ఉంటే ఆలోచించాలి.

లాగుడు పెరుగుతుందన్న మాటను మాత్రం నమ్మకండి. ఈ ఇంజిన్ 24.3 బీహెచ్‌పీని 6500 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది, 32 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 4000, 4500 మధ్యనే ఇచ్చేస్తుంది. బురద ఎక్కేటప్పుడు మనను కాపాడేది ఆ కింది లాగుడే. పెద్ద రంధ్రమున్న గొట్టం పెడితే ముందుగా పోయేదీ అదే. బరువు తగ్గడం ఒక్కటే నిజమైన లాభం, అదీ దాదాపు 200 కిలోల బండిలో మూడు కిలోలు.

ఇనుప గుర్రం:
బ్యాక్ ప్రెషర్, అంటే పొగకు ఎదురొత్తిడి, తగ్గితే వాల్వులు కాలిపోతాయని మా మేస్త్రి ఇరవై ఏళ్లుగా చెబుతున్నాడు. ఆ మాటే మీరు తిప్పి చెప్పారు.

పాత క్లచ్:
నేను ఆ మాట చెప్పలేదు, చెప్పను కూడా. ఏ ఇంజిన్‌కూ బ్యాక్ ప్రెషర్ అక్కర లేదు. పొగ బయటకు వెళ్తుంటే అడ్డుకోవడం వల్ల ఇంజిన్‌కు ఒరిగేదేమీ లేదు. కావలసింది పొగ వేగం. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే ఒక ఒత్తిడి అల గొట్టంలో పరుగెత్తి, గొట్టం వెడల్పయ్యే చోట తగిలి, ఈసారి పీల్చే అలగా వెనక్కి వస్తుంది. రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉండే ఆ క్షణంలో అది చేరితే, మిగిలిన పొగను లాగేసి కొత్త గాలికి దారి ఇస్తుంది. గొట్టం పొడవు, వెడల్పు మారితే అల చేరే సమయం, పొగ వేగం రెండూ మారతాయి. దాన్నే మన మేస్త్రులు బ్యాక్ ప్రెషర్ పోయిందంటారు. వాల్వులు కాలడానికి కారణం వేరు. జాయింటు దగ్గర గాస్కెట్ కారినా, పెట్రోలు చాలక వేడెక్కినా కాలతాయి.

ఇనుప గుర్రం:
పేరు ఏదైతేనేం, తగ్గితే లాగుడు పోతుందని మీరూ ఒప్పుకున్నారు.

పాత క్లచ్:
పేరు తప్పైతే మందు కూడా తప్పుతుంది. బ్యాక్ ప్రెషర్ కావాలనుకునేవాడు గొట్టం చివర బిళ్ల వెల్డింగ్ చేయిస్తాడు. అలాంటి బండ్లు రెండు నా చేతి మీదుగా వెళ్లాయి.

తాజంగి:
మీరిద్దరూ వాల్వుల గురించి మాట్లాడుకుంటూ ఉండండి. ఆ 94 అన్న అంకె గురించి ఎవరూ అడగలేదు. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనానికి మన దేశంలో అనుమతించిన పరిమితి 80 డెసిబెళ్లు. ఆ వ్యాపారి తన నోటితోనే 14 ఎక్కువ అని చెప్పి అమ్ముతున్నాడు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక వంటిది కాదని, పది పెరిగితే చెవికి సుమారు రెట్టింపుగా వినిపిస్తుందని ఇక్కడి పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి నడిపితే మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి, మూడు నెలల పాటు లైసెన్సు కూడా పనికిరాదు. పోలీసులు సైలెన్సర్లను వరుసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించడం మీరంతా చూసినవారే.

పాత క్లచ్:
తాజంగి గారూ, మీరు మూరను సేరుతో పోలుస్తున్నారు. ఆ 80 అన్నది నడుస్తున్న బండి ఒక్కసారిగా వేగం అందుకుంటున్నప్పుడు 7.5 మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలిచేది. అమ్మేవారు చెప్పే 94 సాధారణంగా నిలబెట్టిన బండికి, గొట్టం మూతి నుంచి అర మీటరులో కొలిచేది. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపయ్యే కొద్దీ సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. ఆ లెక్కన అర మీటరు దగ్గరి 94, ఏడున్నర మీటర్ల దగ్గర 70 చిల్లర అవుతుంది. అయితే నిలబెట్టిన ఇంజిన్ మీద బరువు ఉండదు కనుక నడిచేటప్పుడు అంతకంటే ఎక్కువే ఉంటుంది. చట్టాన్ని మించిందా లేదా అన్నది ఈ అంకెను బట్టి తేలదు. 14 ఎక్కువ అన్న మీ తీసివేతకు అర్థం లేదు.

తాజంగి:
తేలనప్పుడు అమ్మేవాడు ఆ అంకెను ఎందుకు చెబుతున్నాడో అది కూడా మీరే చెప్పండి. 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. 182ఎ(4) కింద అనుమతి లేని భాగాలు తగిలించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా ఉంది. అర మీటరు లెక్కలు కోర్టులో చెప్పుకోండి.

సియెర్రా దారి:
నేను ఉత్తర కాలిఫోర్నియాలో ఉంటాను, నా దగ్గర సుజుకి డీఆర్-జెడ్ 400ఎస్ ఉంది. ఇక్కడ మట్టి దారుల్లో కొలత అర మీటరు పద్ధతే. గొట్టం మూతి నుంచి 20 అంగుళాల దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెడతారు. చాలా చోట్ల హద్దు 96. 2013 నుంచి తయారైన బండ్లకు రోడ్డు మీద తిరగాలంటే శబ్ద పరిమితి ముద్ర ఉన్న సైలెన్సరే ఉండాలి. మీరు మరచిన సంగతి మరొకటి ఉంది. ఇక్కడి జాతీయ అడవుల్లోకి వెళ్లే బండికి నిప్పురవ్వలను ఆపే జాలీ, అంటే స్పార్క్ అరెస్టర్, తప్పనిసరి. ఎగ్జాస్ట్‌లో పేరుకున్న మసి ఎర్రగా కాలి బయట పడితే ఎండుగడ్డి అంటుకుంటుంది. ఫిబ్రవరి దాటాక మన్యంలోనూ ఆకు ఎండుతుంది కదా. గాలికొండ గారు ఏది కొన్నా ఆ జాలీ ఉందో లేదో అడగాలి.

రెండో గేరు:
అమెరికాలో మా అన్నకు కూడా అన్నింటికీ ముద్ర కావాలి.

ఇనుప గుర్రం:
శబ్దం ఉంటేనే ప్రాణం ఉంటుంది. నిరుడు డౌనూరు దాటాక మలుపులో నా సైలెన్సర్ మోత విని లారీ డ్రైవరు పక్కకు తీశాడు, లేకపోతే ఈ మాట రాయడానికి నేను ఉండేవాడిని కాను. అదే సైలెన్సర్‌కు నగరంలో నాకు చలానా వేశారు. నా పక్కనుంచి అంతకు రెట్టింపు మోతతో వెళ్లిన బుల్లెట్‌ను వదిలేశారు. ఇదెక్కడి న్యాయం?

పాత క్లచ్:
మోత గొట్టం మూతి నుంచి వెనక్కి వెళ్తుంది, ఎదురుగా అద్దాలు బిగించుకుని వచ్చే లారీ క్యాబిన్‌లోకి అంతగా వెళ్లదు. మలుపులో హారన్ కొట్టండి, హెడ్‌లైటు ఒకసారి మెరిపించండి. తాజంగి గారికి ఒక మాట. శబ్దమే మీ బాధ అయితే, ఘాట్‌లో ఎయిర్ హారన్లు మోగించే లారీల గురించి, డీజే పెట్టుకుని వచ్చే కార్ల గురించి మీరు ఇంతవరకు ఒక్క వాక్యం రాయలేదు. ఇరవై ఐదు బీహెచ్‌పీ కూడా లేని ఒక బండి మీద సెక్షన్లు తవ్వుతున్నారు. కోపం ఎక్కడో ఉంది, దెబ్బ సైలెన్సర్ మీద పడుతోంది.

తాజంగి:
సరే, అడిగారు కనుక చెబుతాను. మా ఇల్లు లంబసింగికి వెళ్లే రోడ్డుకు ఆనుకుని ఉంది. నవంబరు నుంచి జనవరి వరకు శనివారం రాత్రి మాకు నిద్ర లేదు. మంచు తెరలు చూడాలని, తెల్లవారుజామున మూడున్నర నుంచి గుంపులు గుంపులుగా బండ్లు మా ఎత్తు ఎక్కుతాయి. ఆ నెలల్లోనే కాఫీ పండ్ల కోత ఉంటుంది, చీకటితోనే ఆడవాళ్లు తోటలకు రోడ్డు దాటి వెళ్లాలి. మా అన్న కూతురికి అప్పటికి రెండు నెలలు. ఒక తెల్లవారుజామున నేను రోడ్డు మీదకు వచ్చి, ఇక్కడ చంటిబిడ్డ ఉంది, మెల్లగా వెళ్లండి నాయనా అని అడిగాను. ముందున్న కుర్రవాడు న్యూట్రల్‌లో పెట్టి నా ముఖం మీదే నాలుగుసార్లు త్రాటిల్ తిప్పాడు. వెనకనున్నవారు నవ్వారు. లారీవాడు హారన్ కొట్టి తన పని మీద పోతాడు. వీరు మోత వినిపించడానికే వచ్చారు.

పాత క్లచ్:
అతడు చేసింది తప్పే, నేను సమర్థించను. కానీ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. ఆ గుంపుల్లో బండ్లన్నిటికీ కంపెనీ సైలెన్సర్లే ఉంటే మీకు అభ్యంతరం ఉండేది కాదా?

తాజంగి:
ఉండేది. ఇప్పుడు కూడా ఉంది. నివాస ప్రాంతంలో రాత్రివేళ 45 డెసిబెళ్లు దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. నలభై బండ్లు కలిసి ఎత్తు ఎక్కితే ఏ ముద్ర ఉన్న సైలెన్సరైనా అంతలో ఉంటుందా? ఆ వేళకు అంతమంది మా ఇళ్ల మధ్య నుంచి రావడమే వద్దంటున్నాను. ఎనిమిదింటికి రండి, మా వాళ్ల దగ్గరే కాఫీ తాగండి.

పాత క్లచ్:
ఇదుగో, మూడు రోజుల తరువాత అసలు మాట బయటపడింది. చట్టం, అంకెలు అన్నీ పక్కకు పోయాయి, దారి ఎవరిదన్నదే మిగిలింది. అది ప్రభుత్వం వేసిన రోడ్డు, ఏ వేళకు ఎవరు ఎక్కాలో చెప్పే హక్కు ఇంటి అరుగు మీద కూర్చున్నవారికి లేదు.

తాజంగి:
మీకు అంత పట్టుదల ఎందుకో కూడా చెప్పండి. బ్యాక్ ప్రెషర్ గురించి పాఠం చెప్పేవారు ఊరికే చెప్పరు. మీ చేతి మీదుగా రెండు బండ్లు వెళ్లాయని మీరే రాశారు.

పాత క్లచ్:
దాచేది ఏమీ లేదు. గోపాలపట్నంలో నాకు చిన్న షెడ్డు ఉంది. స్లిప్-ఆన్లు బిగిస్తాను, శీతాకాలంలో నా రాబడిలో సగం ఈ కొండ ప్రయాణాలవారి నుంచే వస్తుంది. నా దగ్గర పనిచేసే ఇద్దరిలో ఒకడు మీ చింతపల్లి మండలం పిల్లవాడు. ఆ జీతం మీ వైపుకే వెళ్తోంది. అందుకని లాగుడు పెరుగుతుందని అబద్ధం చెప్పి ఎప్పుడూ అమ్మలేదు, పైన కూడా చెప్పలేదు.

తాజంగి:
చెప్పలేదు, ఒప్పుకుంటాను. అయితే ఆ పిల్లవాణ్ణి ఒకసారి అడగండి, డిసెంబరులో శనివారం రాత్రి ఇంటికి వెళ్లి పడుకుంటాడేమో.

ఇనుప గుర్రం:
నా చలానా సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

గాలికొండ:
నేను అడిగిన ప్రశ్న ఎక్కడో మొదలై ఎక్కడికో వెళ్లింది. తాజంగి గారూ, ఆ గుంపుల్లో ఒకసారి నేను కూడా ఉన్నాను. మీ ఇంటి ముందు ఆగిన గుంపు అది కాకపోవచ్చు, అయినా నాలుగింటికి ఆ ఎత్తు ఎక్కిన మాట నిజం. స్లిప్-ఆన్ కొనలేదు. తాజంగి గారి కోసం మానేశానని చెబితే అబద్ధమవుతుంది. పాత క్లచ్ గారు లాగుడు పోతుందని చెప్పాక మనసు ఒప్పలేదు. ఇప్పుడున్న సైలెన్సర్‌నే వెనక మూత కోయించి, ఊడిన రేకును అతికించి, తిరిగి మూత వెల్డింగ్ చేయించాలని ఉంది. అయస్కాంతం అతుక్కుంటోంది కనుక మామూలు ఇనుమేననుకుంటున్నాను. ఎలాంటి వెల్డింగ్ చేయించాలి, తుప్పు పట్టకుండా ఏం పూయాలి?

పాత క్లచ్:
అయస్కాంతం అతుక్కున్నంత మాత్రాన మామూలు ఇనుమని అనుకోకండి, సైలెన్సర్లలో వాడే 409 రకం స్టెయిన్‌లెస్‌కు కూడా అతుక్కుంటుంది. టిగ్ వెల్డింగ్ చేసేవారికి చూపించండి, తీగ వారే ఎంచుకుంటారు. బండికి ఉండగా వెల్డింగ్ పెట్టనివ్వకండి, ఈసీయూ పోవచ్చు. విప్పి తీసుకువెళ్లండి. రేకు ఏ దిక్కున ఉండేదో కోయగానే ఫోటో తీసుకోండి, తిరగేసి అతికిస్తే పొగ దారి మూసుకుపోతుంది. తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్ కొత్తది వేయండి. అతుకు మీద గరుకు కాగితంతో రుద్ది, 600 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ రంగు పలచగా రెండు పూతలు వేసి, మొదట పది నిమిషాలు ఇంజిన్ నడిపి చల్లారనిచ్చి, తరువాత ఇరవై నిమిషాలు నడపండి. ఒక్కసారిగా వేడి చేస్తే పొక్కులు లేస్తాయి.

తాజంగి:
ఆ ఇరవై నిమిషాలు పగటిపూట నడపండి.