ఎలిజబెత్ బెన్నెట్‌కు నోరెక్కువా?

ప్రశ్న: చిక్కడపల్లి పాఠకురాలు

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంటులో ఎనిమిది మందిమి కలిసి నెలకొక నవల చదువుకుని, నెలాఖరు ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని దాని గురించి మాట్లాడుకుంటాము. ఈ నెలకు జేన్ ఆస్టిన్ రాసిన, 1813లో తొలిసారి అచ్చయిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ను ఎంచుకున్నాము. నా దగ్గరున్నది ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద కొన్న పాత ప్రతి. నాకంటే ముందు చదివినవారెవరో కథానాయిక ఎలిజబెత్ బెన్నెట్ నోరు విప్పిన చోటల్లా పెన్సిలుతో సన్నని గీత గీసి ఉంచారు. ఆ గీతల వెంట నడుస్తూ నడుస్తూ ఆమె మాటతీరు నాకు ఎంతో ఇష్టమైపోయింది.

మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. కథ ఏమిటో చెప్పమని ఆవిడ అడగడంతో, రాత్రి భోజనాలయ్యాక ఆ రోజు చదివినంత మేర తెలుగులో చెబుతూ వచ్చాను. దూరపు బంధువు కాలిన్స్‌ను ఎలిజబెత్ కాదన్నప్పుడు ఆవిడ సంతోషించారు. “అతన్ని చేసుకోకపోతే మీ అమ్మ నీ ముఖం చూడదు, చేసుకుంటే నేను చూడను” అని తండ్రి అన్న మాటను రెండుసార్లు చెప్పించుకుని మరీ నవ్వారు. గొప్ప ధనవంతుడైన డార్సీని కూడా కాదన్న ఘట్టం వచ్చేసరికి మాత్రం ఆవిడ ముఖం మారిపోయింది. “ఆ పిల్లకు నోరెక్కువ. ఐదుగురు ఆడపిల్లలున్న ఇంట్లో పుట్టి, వెతుక్కుంటూ వచ్చిన సంబంధాన్ని ఎవరైనా కాలదన్నుకుంటారా? పోనీ ఆ మాట మీదైనా నిలబడిందా అంటే, చివరికి ఆయననే చేసుకుందంటున్నావు” అన్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎలిజబెత్‌ను స్వతంత్రురాలని అందరూ అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ ఆ స్వతంత్రం ఆమె మాటల్లో ఉందా, మరెక్కడైనా ఉందా? ఎదుటివారిని మాటతో ఓడించడమే స్వతంత్రమైతే మా అత్తగారి మాటే నిజమవుతుందేమో. పెద్దలు, తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

జవాబు 1: తార్నాక విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, మీ అత్తగారి ప్రశ్న చాలా గట్టి ప్రశ్న. డిగ్రీ కళాశాలల్లో ఈ నవలను ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాడిని. పిల్లలు ఎలిజబెత్ చమత్కారాలను చూసి మురిసిపోతుంటే, ముందుగా కాగితం, కలం తీసి లెక్క కట్టమనేవాడిని. ఆ లెక్క తెలియనిదే ఆమె ధైర్యం ఎంతటిదో తెలియదు.

బెన్నెట్ గారి ఎస్టేటు మీద ఏడాదికి 2,000 పౌండ్ల రాబడి ఉంది. కానీ అది మగ వారసుడికే చెందాలన్న కట్టుబాటుతో వచ్చిన ఆస్తి కనుక, ఆయన తరువాత ఇల్లూ పొలమూ కాలిన్స్‌కు పోతాయి. తల్లికీ ఐదుగురు కూతుళ్ళకూ కలిపి విడిగా ఉంచినది 5,000 పౌండ్లు. అందులో ఎలిజబెత్ వాటాకు వచ్చేది 1,000 పౌండ్లు, అదీ తల్లి పోయిన తరువాతనే. దాని మీద నూటికి నాలుగు చొప్పున వడ్డీ ఏడాదికి 40 పౌండ్లు. ఈ సంగతి మనకు చెప్పేది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ కాలిన్సే, పెళ్ళి చేసుకోమని అడుగుతూ అడుగుతూనే ఆమెకు రాబోయే సొమ్ము ఇంతేనని గుర్తుచేస్తాడు. నీకు మరొక సంబంధం వస్తుందన్న నమ్మకమైనా లేదని కూడా అంటాడు. ఇక డార్సీ రాబడి ఏడాదికి 10,000 పౌండ్లు, అంటే ఆమెకు ఎన్నడో రాబోయే వడ్డీకి 250 రెట్లు. ఇంత తెలిసి, ఇరవై ఒకటి కూడా నిండని పిల్ల ఇద్దరినీ కాదన్నది. మాటకారితనం ఒక్కటే ఉన్న మనిషి ఈ లెక్క ముందు నిలబడలేదు.

ఆస్తి లేని ఆడపిల్ల అంటే ఏమిటో మనకు పుస్తకాలు చూసి తెలుసుకోవలసిన అవసరం లేదు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చిన సవరణ అమలైనది 1985లో. అప్పటికే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. మా అక్కయ్యలిద్దరూ ఆ తేదీకి ఏళ్ళ ముందే అత్తవారింటికి వెళ్ళినవారు. మీ అత్తగారిది కూడా బహుశా ఆ తరమే అయి ఉంటుంది. సంబంధం తప్పిపోతే ఏమవుతుందో ఎరిగినవారి భయం ఆవిడ మాటలో వినిపిస్తున్నది. ఆ భయం నవలలోనూ ఉంది, కానీ అది ఎలిజబెత్‌లో కాదు, ఆమె స్నేహితురాలు షార్లెట్‌లో ఉంది. 27 ఏళ్ళ షార్లెట్ తనకొక ఇల్లు ఉంటే చాలునని, ఎలిజబెత్ వద్దన్న కాలిన్స్‌నే కోరి చేసుకుంటుంది. ఎలిజబెత్ ఆమెను అర్థం చేసుకోలేకపోయింది. అక్కడ ఎలిజబెత్ తీర్పు కఠినమైనదనే నేను ఎప్పుడూ చెబుతూ వచ్చాను.

జవాబు 2: నల్లకుంట విద్యార్థిని

నమస్కారం మాస్టారూ. నేను ఎం.ఏ. ఇంగ్లీషు రెండో సంవత్సరం చదువుతున్నాను. మీరు చెప్పిన లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తూనే, ఆమె మాటల గురించి కూడా ఒక సంగతి చెప్పాలనుకుంటున్నాను.

ఎలిజబెత్ ఎవరి ముందు చమత్కరిస్తుందో చూడండి. డార్సీ తల్లికి తోబుట్టువైన లేడీ కేథరిన్ ముందు ఊరంతా తలవంచుకుని ఉంటుంది. పెద్ద పిల్లలకు పెళ్ళిళ్ళు కాకుండానే చిన్నపిల్లలను కూడా విందులకు తిప్పుతున్నారా అని ఆవిడ ఆశ్చర్యపోతే, అక్కకు పెళ్ళి కాలేదని చెల్లెళ్ళను నలుగురిలోకి రానివ్వకపోవడం న్యాయం కాదని ఎలిజబెత్ నెమ్మదిగా సమాధానం చెబుతుంది. మా అక్క సంబంధాలు కుదిరే వరకు నన్ను ఏ పేరంటానికీ పంపని ఇంట్లో పెరిగినదాన్ని కనుక, ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంత చిన్నదానివి ఇంత ఖండితంగా మాట్లాడుతున్నావు, నీ వయసెంత అని ఆవిడ అడిగితే, ఎదిగిన చెల్లెళ్ళు ముగ్గురున్న నేను వయసు ఒప్పుకుంటానని ఎలా అనుకున్నారు అంటుంది. ఆ మాటలో తిట్టు లేదు, అవమానం లేదు. పెద్దరికం పేరుతో అడగకూడనిది అడుగుతున్నారని ఎదుటివారికి తెలియజేయడం మాత్రమే ఉంది.

పొరుగువారింట జబ్బుపడిన అక్కను చూడడానికి మూడు మైళ్ళు ఒంటరిగా బురదలో నడిచి వెళ్ళిన ఘట్టం కూడా అలాంటిదే. లోపావడా ఆరంగుళాల మేర బురద కొట్టుకుపోయిందని ఆ ఇంటి ఆడవాళ్ళు వెనకాల ఎగతాళి చేస్తారు. బండికి గుర్రాలు కుదరలేదు, అక్క దగ్గరకు వెళ్ళాలి, కనుక నడిచింది. ఎవరికో ఏదో నిరూపించాలన్న ఆలోచన ఆమెకు లేనే లేదు. అందుకే ఆ నడక నాకు ఆమె మాటలన్నిటికంటే ఇష్టం.

అయితే ఆ చురుకైన బుద్ధే ఆమెను మోసం చేసిందన్నది కూడా మరిచిపోకూడదు. మొదటి పరిచయంలోనే విక్‌హామ్ అనే యువ సైనికాధికారి తన కష్టాలన్నీ ఏకరువు పెట్టి డార్సీని నిందిస్తే, మనుషులను ఇట్టే పసిగట్టగలనని నమ్మిన ఎలిజబెత్ ఏమాత్రం అనుమానించకుండా నమ్మేసింది. కారణం మనకు తెలుసు. ఒకడు ఆమె అందం తనను కదిలించేంతటిది కాదన్నాడు, మరొకడు ఆమె పక్కన కూర్చుని తీయగా మాట్లాడాడు.

అసలు ఘట్టం డార్సీ ఉత్తరం. కాదనిపించుకున్న మర్నాటి ఉదయం అతను ఆమె చేతికి ఉత్తరం ఇచ్చి వెళ్ళిపోతాడు. ఆమె కోపంతోనే చదువుతుంది, విక్‌హామ్ సంగతి రాగానే ఇదంతా అబద్ధమని అనుకుంటుంది, చివరి పేజీలు సరిగా చదవకుండానే మడిచి లోపల పెట్టేసి, ఇక దీన్ని ముట్టుకోనని నిశ్చయించుకుంటుంది. అర నిమిషం గడిచేసరికి ఆ ఉత్తరం మళ్ళీ ఆమె చేతిలో విప్పి ఉంటుంది. ఈసారి ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగి, విక్‌హామ్ ఎప్పుడు ఏమన్నాడో గుర్తుచేసుకుంటూ, పరిచయం లేని మనిషికి అలా ఇంటి గుట్టు చెప్పుకోవడం తగని పని అని అప్పుడెందుకు తోచలేదని తనను తానే నిలదీసుకుంటూ, ఆ దారి వెంట రెండు గంటలు తిరుగుతుంది. ఈ క్షణం దాకా నన్ను నేనే ఎరుగనని ఒప్పుకుంటుంది. పక్కన ఒక్క మనిషి లేడు, ఒప్పుకోమని బలవంతం చేసినవారూ లేరు. చిక్కడపల్లి అక్కా, మీరు వెతుకుతున్న స్వతంత్రం నాకు ఆ అర నిమిషంలో కనిపించింది.

జవాబు 3: సికింద్రాబాద్ అనువాదకురాలు

చిన్నమ్మాయి ఎంత బాగా చెప్పింది! నేను వృత్తిరీత్యా అనువాదాలు చేస్తుంటాను కనుక ‘నోరెక్కువ’ అన్న మాట దగ్గరే కాసేపు ఆగుతాను. మన భాషలో మాట్లాడే ఆడపిల్లకు ఉన్న పేర్లు చూడండి. గడుసుది అంటే కొంత ముద్దు ఉంది, పెంకిది అంటే కొంత విసుగు ఉంది, నోటిదురుసు అంటే పూర్తిగా నిందే. ఎలిజబెత్ మాటను ఏ మాటతో చెప్పినా ఒక తీర్పు దానంతట అదే వచ్చి చేరుతుంది. ఇది మనకొక్కరికే ఉన్న ఇబ్బంది కాదు. నవల చివరలో, అన్నీ కుదిరాక, నన్ను దేనికి ఇష్టపడ్డావు, నా పొగరుమాటలకేనా అని ఎలిజబెత్ స్వయంగా డార్సీని అడుగుతుంది. నీ బుద్ధి చురుకుకు అని అతనంటాడు. దాన్ని పొగరనే అనేసెయ్, పెద్ద తేడా ఏమీ లేదు అని ఆమె నవ్వుతుంది. మీ అత్తగారికీ మీకూ మధ్య వచ్చిన వాదమే ఆ ఇద్దరి మధ్యా వచ్చింది.

“చివరికి ఆయననే చేసుకుంది కదా” అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. ఆమె కాదన్నదీ ఒప్పుకున్నదీ ఒకే మనిషిని కావచ్చు, కానీ అడిగిన తీరు ఒకటి కాదు. మొదటిసారి అతను ప్రేమ సంగతి చెబుతూనే మీ వాళ్ళు నా అంతస్తుకు తగినవారు కాదని, ఎంత వద్దనుకున్నా మనసు ఒప్పుకోలేదని ఏకరువు పెట్టాడు. ఆమె కాదంటుందన్న ఊహే అతనికి లేదు. రెండోసారి, నా మనసు మారలేదు, నీవు ఒక్క మాట అంటే ఇక ఎన్నడూ ఈ ప్రస్తావన తేను అన్నాడు. కాదనడానికి చోటు ఉంచి అడిగినప్పుడే ఆమె ఔనన్నది. ఈ రెండింటికీ నడుమ అతని చెల్లెలి పట్ల విక్‌హామ్ చేసిన ద్రోహం సంగతి తెలిసింది, విక్‌హామ్‌తో లేచిపోయిన తన చిన్న చెల్లెలు లిడియా పరువు కాపాడడానికి అతను ఎవరికీ చెప్పకుండా డబ్బు కట్టిన సంగతీ తెలిసింది.

లేడీ కేథరిన్ ఇంటికి వచ్చి, డార్సీని చేసుకోనని మాట ఇమ్మని దబాయించిన రోజును కూడా మీ అత్తగారికి చెప్పండి. అప్పటికి ఎలిజబెత్ చేతిలో ఏ సంబంధమూ లేదు, డార్సీ మళ్ళీ అడుగుతాడన్న భరోసా కూడా లేదు. మాట ఇచ్చినా ఆమెకు పోయేదేమీ లేదు. అయినా, నా సుఖం దేనిలో ఉందో నిర్ణయించుకునేది నేనే, నాకు ఏమీ కాని మీరు కాదు అని చెప్పి పంపింది. తనకు రాబోతున్నదేమిటో తెలియకుండా అలా చెప్పగలగడం నోటికి సంబంధించిన విషయం కాదని నా నమ్మకం.

మళ్ళీ: చిక్కడపల్లి పాఠకురాలు

మాస్టారికీ, మిగిలిన ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఉత్తరం ఘట్టాన్ని చెల్లెమ్మ చెప్పినట్టుగా, వాక్యం వెంట వాక్యం ఆపి ఆపి మా అత్తగారికి చెప్పాను. మొదటిసారి నేను దాన్ని రెండు ముక్కల్లో తేల్చేశానని నాకే అర్థమైంది. మడిచి పెట్టేసింది అనగానే ఆవిడ, “మళ్ళీ ఎప్పుడు తీసింది?” అని అడిగారు. అర నిమిషానికి అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, “అయితే మంచి పిల్లే” అన్నారు.

ఏడాదికి 40 పౌండ్ల లెక్క కూడా చెప్పాను. దానికి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. అంత కొద్ది సొమ్ము ఉన్నప్పుడు షార్లెట్ చేసినదే తెలివైన పని అని, ఆ పిల్ల తరఫున మాట్లాడేవారు ఒక్కరైనా ఉండాలని పట్టుబట్టారు. ఈ ఆదివారం చర్చ మా ఇంట్లోనే. షార్లెట్ గురించి మొదట తానే మాట్లాడతానని మా అత్తగారు అన్నారు, నా పాత ప్రతిలో షార్లెట్ మాటలున్న చోట్లన్నీ వెతికి గుర్తు పెట్టమన్నారు. అక్కడ పెన్సిలు గీతలేవీ లేవు, నేనే గీయాలి.