ఎయిర్ పిస్టల్ పెల్లెట్లు: తేడా పెల్లెట్‌దా, పిస్టల్‌దా?

బొబ్బిలి_10మీ: అందరికీ నమస్కారం. చెల్లి 10 మీటర్ల పీసీపీ (సిలిండర్లో ముందే నింపిన గాలితో పనిచేసే) పిస్టల్ కొడుతోంది. చెయ్యి ఆనించి కొట్టినా అయిదింట్లో ఒకటి పక్కకి పోతోంది. 4.49, 4.50 మి.మీ. రెండు సైజుల పెల్లెట్ (చిన్న సీసం గుండు) డబ్బాలూ ఉన్నాయి. తేడా ఎక్కడుందో ఎలాగ పట్టుకోవాలి?

నెల్లిమర్ల_షూటర్: ముందు మనిషి చేతిని లెక్కలోంచి తీసెయ్యాలి తమ్ముడూ. పిస్టల్‌ని వైస్‌లో (బల్లకి బిగించే ఇనప పట్టులో) పెట్టండి. దవడలకి మందపాటి తోలు వెయ్యండి, సిలిండర్‌ని మాత్రం ఎప్పుడూ పట్టించొద్దు. బల్ల గోడకి బోల్టులతో బిగించి ఉండాలి, లేకపోతే ఊగేది బల్లే, తప్పు పెల్లెట్ మీద పడుతుంది.
పెల్లెట్ రకం మార్చాక మొదటి 10-15 షాట్లు వదిలెయ్యండి, బ్యారెల్లో సీసం పూత సర్దుకోవాలి. ఆ తరవాత కార్డుకి 5 షాట్ల చొప్పున, రకానికి కనీసం 5 కార్డులు. ఒక్క కార్డుతో తీర్పు చెప్పొద్దు; 5 షాట్లు అదృష్టం కొద్దీ కూడా దగ్గర పడతాయి. దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి 4.5 మి.మీ. తీసెయ్యండి. పల్చటి కాగితం చిరిగిపోతుంది, టార్గెట్ కార్డే వాడాలి.

బొబ్బిలి_10మీ: ఎంత వస్తే బాగున్నట్టు అన్నయ్యా?

ఆమదాలవలస_రేంజ్: పది రింగు వ్యాసం 11.5 మి.మీ. గీత తాకినా పదే కాబట్టి, పెల్లెట్ మధ్యభాగం కేంద్రం నుంచి 8 మి.మీ. లోపు ఉంటే చాలు. కానీ ఆ జాగా అంతా షూటర్ చేతికి వదలాలి. నప్పిన బ్యాచ్ వైస్‌లో అయిదూ కలిసి ఒకే చిరుగులా పడాలి. కంపెనీ పేరు కన్నా డబ్బా మీద బ్యాచ్ నంబరు ముఖ్యం: అచ్చు అరిగినా మార్చినా అదే పేరు, అదే సైజు పెల్లెట్ వేరేగా పోతుంది.

ఇచ్ఛాపురం_పెల్లెట్: మన సముద్రం గాలికి డబ్బా మూత వదులుగా ఉంటే సీసం మీద తెల్లపొడి పడుతుంది. అలాంటివి టెస్టుకి వాడొద్దు. గాజు పలక మీద దొర్లించండి, అంచు నొక్కుకున్నది గతుకుతుంది. తూకం వేస్తే మిల్లీగ్రాము చూపే కాటానే కావాలి. అర గ్రాము పెల్లెట్‌కి 0.01 గ్రాము కాటా ఏటి చెబుతుంది!

నెల్లిమర్ల_షూటర్: తూకం కన్నా ముందు గాలి చూడండి. కాసేపు ఖాళీగా ఉంచాక మొదటి షాటు మాత్రమే వేగంగా పోతే రెగ్యులేటర్ (గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే భాగం) ఒత్తిడి నిలపడం లేదు. పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో తెలిసిపోతుంది. బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) దగ్గర టిష్యూ ముక్క అతికించి, పెల్లెట్ వేసి టార్గెట్ వైపే కాల్చండి. ముక్క కదిలితే ఓరింగ్ (గాలి బయటికి పోకుండా ఆపే రబ్బరు రింగు) పోయినట్టే. సిలిండర్ మీద తేదీ కూడా చూడండి, పోటీల్లో 10 ఏళ్లు దాటితే ఒప్పుకోరు.

బొబ్బిలి_10మీ: అయితే ముందు టిష్యూ, తరవాత వైస్. 4.49తో మొదలెడతాను.

ఆమదాలవలస_రేంజ్: సరే. పెల్లెట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగకుండా ఏమీ తినొద్దు, అది సీసం. నప్పిన బ్యాచ్ దొరికితే అదే నంబరు డబ్బాలు ఒకేసారి కొనెయ్యండి. పోటీలోనే 60 షాట్లు, ప్రాక్టీసుకి 500 డబ్బా ఇట్టే అయిపోతుంది.