ఉద్యోగి నలిగిపోతున్నది ఆఫీసు వల్లా, ఇంటి వల్లా?

టీమ్ లీడ్:
ఇంటి సమస్యలకు కూడా కంపెనీనే తప్పుపట్టడం న్యాయం కాదనిపిస్తోంది. ఒకే టీమ్, ఒకే పని, ఒకే జీతం. అయినా ఒకరు హుషారుగా ఉంటారు, ఇంకొకరు ఉదయం సీట్లో కూర్చునేసరికే నీరసించి ఉంటారు. తేడా ఇంట్లో ఉన్నట్టే కదా? చంటిపిల్లలు, మంచాన పడ్డ పెద్దవాళ్లు, ఇంటిపనిలో చెయ్యి వేయని భర్త... వీటికి మేనేజర్ ఏం చేయగలడు?

రాత్రి షిఫ్టు:
సగమే ఒప్పుకుంటానండీ. బరువు ఇంట్లోదే కావచ్చు, దాన్ని మోయలేనంతగా చేసేది చాలాసార్లు ఆఫీసే. పని ఒత్తిడి మీద 1979లో రాబర్ట్ కరసెక్ అనే పరిశోధకుడు ఒక నమూనా ప్రతిపాదించారు. పని ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా చేయాలన్న నిర్ణయం మాత్రం తన చేతిలో లేనప్పుడే మనిషి బాగా కుంగిపోతాడని దాని సారాంశం. నా విషయంలో అది అక్షరాలా నిజం. నాన్నకు డయాలసిస్ ఏయే రోజులో ముందే తెలుసు. నా షిఫ్టు ఏదో మాత్రం ముందురోజు సాయంత్రం దాకా తెలిసేది కాదు. ఆస్పత్రికి తీసుకెళ్లడం నాకు కష్టమనిపించలేదు. రేపు సెలవు కోసం ఎవరిని బతిమాలుకోవాలో అన్న దిగులే నిద్ర పట్టనిచ్చేది కాదు. రోస్టర్ రెండు వారాల ముందు ఇవ్వడానికి కంపెనీకి పెద్ద ఖర్చేం కాదు కదా.

టీమ్ లీడ్:
రోస్టర్ సంగతి సరే. కానీ ఒకరికి వెసులుబాటు ఇస్తే ఆ పని పక్కవాళ్ల మీద పడుతుంది. పిల్లలు లేనంత మాత్రాన పండగ డ్యూటీలన్నీ వాళ్లే చేయాలా?

ఇద్దరు పిల్లల అమ్మ:
చేయకూడదు. వెసులుబాటు ఫలానావాళ్లకు చేసే ఉపకారంలా ఉన్నంతకాలం ఈ గొడవ తప్పదు. అందరికీ ఒకే హక్కుగా ఉండాలి, సెలవు పెట్టినవాళ్లకు బదులు మనిషీ ఉండాలి. సరిపడా మనుషుల్ని పెట్టకుండా మాలో మేం తగువులాడుకునేలా చేస్తున్నారు, నా కోపమంతా అక్కడే.

చెయ్యి వేయని భర్త అన్నారు. అతను పిల్లాడికి జ్వరమని సెలవు అడిగితే ఆఫీసులో ఎలా చూస్తారో కూడా చెప్పండి. కుటుంబ బాధ్యతలున్న ఉద్యోగుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో తెచ్చిన 156వ ఒప్పందం ఆడా మగా ఇద్దరికీ వర్తిస్తుంది. పనిగంటల సంగతీ ఉంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు, 35–40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే, దాదాపు 35 శాతం ఎక్కువని అదే సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. అన్ని గంటలు పనిచేసి వచ్చిన మనిషి ఇంట్లో ఏ పని అందుకోగలడు?

టీమ్ లీడ్ గారూ, బదులు మనిషి కావాలని మీ పైవాళ్లను ఎప్పుడైనా రాతపూర్వకంగా అడిగారా?