ఏడీహెచ్‌డీ ఉన్నవారు తమపై తాము దయ చూపడం బాధ్యత తప్పించుకోవడమేనా?

మారతహళ్లి అక్క: మా తమ్ముడు ఇక్కడే బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, నిలకడ లేకపోవడం వంటి లక్షణాలుండే మానసిక స్థితి) ఉందని డాక్టరు తేల్చారు. అప్పటి నుంచి కరెంటు బిల్లు కట్టడం మరిచినా, నలుగురిలో మాటకు అడ్డం వచ్చినా “నన్ను నేను తిట్టుకోవడం మానేశాను” అంటున్నాడు. తిట్టుకోకపోతే మారేదెలా?

బీటీఎం వాసి: ఇంజినీరింగ్ పాసైనవాడికి ఈ వయసులో కొత్తగా ఏకాగ్రత లోపమా? నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

జయనగర్ నుంచి: కొత్తగా రాదండి. 12 ఏళ్లలోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలని, ఒకచోట కాక ఇల్లు, ఆఫీసు వంటి రెండు చోట్లయినా అవి ఉండాలని మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు చూసే పుస్తకం, 2013 నాటి డీఎస్‌ఎం-5 నిబంధన. అమ్మ పక్కన కూర్చుని చదివించినన్నాళ్లూ లోపం పైకి తేలదు. పేయింగ్ గెస్ట్ గదిలోనో అద్దింట్లోనో ఉంటూ అద్దె, బిల్లులు, గడువులు అన్నీ తానే చూసుకోవాల్సి వచ్చినప్పుడు తేలుతుంది. నాకూ అలాగే తేలింది.

ఇక తిట్ల సంగతి. తిడితే నయమయ్యేదే అయితే మాలో చాలామందికి పదో తరగతిలోపే నయమయ్యేది! గడువు తప్పినవాడు సిగ్గుతో మేనేజరు మెసేజే తెరవడు. స్నేహితుడి పెళ్లికి వెళ్లడం మరిచినవాడు ఆ స్నేహితుడికి మొహం చాటేస్తాడు. ఉద్యోగాలు, స్నేహాలు పోయేది అక్కడే. స్వీయకరుణపై, అంటే తనపై తాను దయ చూపడంపై, 2003లో రాసిన మనస్తత్వ పరిశోధకురాలు క్రిస్టిన్ నెఫ్ దానికి మూడు భాగాలు చెప్పారు: తనపై దయ, తప్పులు అందరూ చేస్తారన్న ఎరుక, జరిగినదాన్ని ఉన్నదున్నట్టు చూడటం. మీ తమ్ముడు మొదటిదాని దగ్గరే ఆగిపోయాడేమో. మూడోదీ పాటిస్తే ఈపాటికి బిల్లుకు ఆటోపే పెట్టుకునేవాడు.

బీటీఎం వాసి: సరే, అతనితో అద్దె పంచుకునేవాళ్ల మీద దయ ఎవరు చూపాలి? కరెంటు పోతే చీకట్లో కూర్చునేది వాళ్లూ కదా.

జయనగర్ నుంచి: న్యాయమైన ప్రశ్న. ఆలస్య రుసుము అతడే కట్టాలి, క్షమాపణా చెప్పాలి. ఆ మాత్రం అడిగే హక్కు వాళ్లకుంది. అందరి ముందూ “వీడింతే” అని నవ్వే హక్కు మాత్రం లేదు.

మారతహళ్లి అక్క: ఆఫీసులో చెప్పమంటారా?

జయనగర్ నుంచి: తొందరపడవద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. చెప్పాక అంతా మేనేజరు మంచితనం మీదే ఆధారపడుతుంది. సమస్య పేరెత్తకుండానే, నోటితో చెప్పిన పనిని మెయిల్‌లోనూ పంపమని అడగవచ్చు. ముందు అది అడిగి చూడమనండి.