మారిషస్ అసెంబ్లీ: 60కి 60 ఒకే కూటమికి వస్తే ప్రతిపక్షం ఎక్కడి నుంచి వచ్చింది?

ఎబెన్_అకౌంట్స్:
అందరికీ నమస్కారం. మాది తెనాలి. మూడేళ్ల పైనుంచి మారిషస్‌లో, ఎబెన్‌లో అకౌంట్స్ పని చేస్తున్నా. 2024 నవంబర్ ఎన్నికలప్పుడు ఇక్కడే ఉన్నా. రూమ్మేట్లమంతా టీవీ ముందు కూర్చుని చూశాం. పెద్ద ద్వీపంలో ఉన్న 60 సీట్లకి 60 నవీన్ రామ్‌గులామ్ కూటమికే వచ్చాయి, అవతలి వాళ్లకి సున్నా. తీరా చూస్తే కొద్ది రోజులకి ఓడిపోయిన కూటమి నుంచే ఒకాయన ప్రతిపక్ష నాయకుడిగా సభలో కూర్చున్నారు. ఆఫీసులో అడిగితే ‘బెస్ట్ లూజర్’ అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నారు. అసలు ఈ సభలో ఎంతమంది, ఎలా వస్తారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కోరంగి_మునిమనవడు:
నేను ఇక్కడే పుట్టినవాణ్ణి, మాది ఐదో తరం. మా పెద్దలు కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారని ఇక్కడ తెలుగువాళ్లని కోరంగీలు అంటారు, అందుకే ఈ పేరు. తెలుగు బళ్లో నేర్చుకున్నది, మాట ఎక్కడైనా తేడాగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

పెద్ద ద్వీపంలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు, అంటే 60. రోడ్రిగ్స్ ద్వీపం 21వ నియోజకవర్గం, దానికి ఇద్దరు. ప్రజలు నేరుగా ఎన్నుకునేది ఈ 62 మందినే. వీళ్లు కాక గరిష్ఠంగా 8 మంది బెస్ట్ లూజర్లు, కాబట్టి 70 దాటదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. స్పీకర్‌ని సభ బయటి నుంచి ఎన్నుకునే వీలు వేరే ఉంది, ఆ లెక్క ఇందులో కలపొద్దు.

ఓటు వేసే పద్ధతి మీ ఇండియాలాగా ఉండదు. మెషీన్ లేదు, పేపరే. మూడు సీట్లు కాబట్టి మూడు గుర్తులు పెట్టాలి, ఖచ్చితంగా మూడు, రెండే పెడితే ఆ ఓటు చెల్లదు. 2019లో ఒక అభ్యర్థి తరఫున కౌంటింగ్ ఏజెంట్‌గా కూర్చున్నా. బడి గదిలో బల్లల మీద పేపర్లు ఒక్కొక్కటే విప్పుతుంటే మూడు పేర్ల ఎదురుగా మూడు ఇంటూ గుర్తులు కనిపించేదాకా అందరూ మెడలు సాచి చూస్తుంటారు. ఒకే పార్టీ ముగ్గురికీ వేస్తే ‘వోట్ బ్లాక్’ అంటాం, ఇద్దరికి ఇటు ఒకరికి అటు వేస్తే ‘కూపే త్రాంషే’ అంటాం. ఆ రెండో రకం పేపరు వచ్చినప్పుడల్లా రెండు పార్టీల ఏజెంట్లూ ఒకేసారి తలెత్తి చూసుకుంటారు. మనిషిని చూసి వేశారా, కులం చూసి వేశారా అని ఆలోచన మొదలవుతుంది మరి.

ఎబెన్_అకౌంట్స్:
చాలా థాంక్స్ అన్నా. అయితే ఓట్ల శాతానికీ సీట్లకీ పొంతన లేకపోవడానికి కారణం ఈ మూడు ఓట్ల పద్ధతేనా?

కోరంగి_మునిమనవడు:
చాలావరకు అదే తమ్ముడూ. ఒక ఊళ్లో గాలి ఒకవైపు వీస్తే ముగ్గురూ కొట్టుకొచ్చేస్తారు. 1982లో 60–0, 1995లో 60–0, మళ్లీ 2024లో 60–0. మామూలు పోటీ ఉన్నప్పుడు కూడా అంతే, 2019లో గెలిచిన కూటమికి వచ్చింది 37 శాతం చిల్లర ఓట్లు, సీట్లు మాత్రం 62లో 38. దామాషా పద్ధతి, అంటే ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు, కొంత కలపమని దక్షిణాఫ్రికా జడ్జి ఆల్బీ సాక్స్ అధ్యక్షతన వేసిన కమిషన్ ఈ శతాబ్దం మొదట్లోనే చెప్పింది. ఇప్పటికీ కాలేదు.

గ్రూప్స్_ప్రిపరేషన్_అశోక్‌నగర్:
ఇది చదువుతుంటే మన ఆంగ్లో ఇండియన్ సీట్లు గుర్తొచ్చాయి. లోక్‌సభకి రాష్ట్రపతి ఇద్దర్ని నామినేట్ చేసేవారు, అసెంబ్లీకి గవర్నర్ ఒకర్ని. 104వ సవరణ తర్వాత 2020 జనవరితో ఆ ఏర్పాటు ఆగిపోయింది. బెస్ట్ లూజర్ కూడా అలాంటి నామినేషనేనా? ఎవరు ఎంపిక చేస్తారు?

రోజ్‌హిల్_కోడలు:
కాదు తమ్ముడూ, ఇక్కడ ప్రభుత్వం ఇష్టపడి ఎవర్నీ పెట్టలేదు. ఎన్నికల్లో పార్టీ తరఫున నిలబడి, ఓట్లు తెచ్చుకుని, ఓడిపోయినవాళ్లలోంచే తీసుకోవాలి. ఎంపిక చేసేది ఎలక్టోరల్ సూపర్వైజరీ కమిషన్. మాది వైజాగ్, పెళ్లయి ఇక్కడికి వచ్చి 22 ఏళ్లు, పౌరసత్వం కూడా ఉంది. మా మామగారు ఈ లెక్క వేయడంలో ఘనుడు, కౌంటింగ్ అయిన రాత్రి క్యాలెండర్ వెనక వేస్తారు, ఆయన పక్కన కూర్చునే నేను నేర్చుకున్నాను.

నామినేషన్ పత్రంలో అభ్యర్థి తన సముదాయం ఏదో రాయాలి. రాజ్యాంగంలో ఉన్నవి నాలుగే: హిందూ, ముస్లిం, సైనో మారిషియన్ (చైనా మూలాలవాళ్లు), ఈ మూడింటిలోకి రానివాళ్లంతా జనరల్ పాపులేషన్, అంటే ఎక్కువగా క్రియోల్‌లు (ఆఫ్రికా మూలాలవాళ్లు), ఫ్రెంచ్ మూలాల వాళ్లు. మన తెలుగువాళ్లూ తమిళులూ మరాఠీలూ హిందూ లెక్కలోకే వస్తారు. ఇప్పుడు ఒక్కో సముదాయం జనాభాని, ఆ సముదాయం నుంచి గెలిచినవాళ్ల సంఖ్యకి ఒకటి కలిపి, దాంతో భాగిస్తారు. ఊరికే ఉదాహరణకి, ఒక సముదాయం లక్షా 30 వేలు, గెలిచినవాళ్లు 9 మంది అనుకోండి, 10తో భాగిస్తే 13 వేలు. ఇంకోటి 24 వేలు, గెలిచింది ఒకరే, రెండుతో భాగిస్తే 12 వేలు. ఎక్కువ వచ్చిన మొదటిదానికే సీటు. ఆ సముదాయంలో ఓడినవాళ్లలో ఎవరికి తమ నియోజకవర్గంలో ఎక్కువ శాతం ఓట్లు వచ్చాయో వాళ్లు సభకి వెళ్తారు. తర్వాతి సీటుకి మళ్లీ మొదటి నుంచి లెక్క.

మొదటి 4 సీట్లకి పార్టీతో పని లేదు. తర్వాతి 4 మాత్రం ఆ నలుగురి వల్ల పార్టీల బలాబలాలు తారుమారు కాకుండా చూసి ఇస్తారు. అందుకే 2024లో నలుగురితోనే ఆగింది, ఆ సీట్లు వెళ్లాల్సిన గెలిచిన కూటమిలో ఓడినవాళ్లే లేరు కదా, ఇంక ఎవరికిస్తారు! 62కి 4 కలిపి 66. ఆ నలుగురిలో ఒకరే ప్రతిపక్ష నాయకుడైన జో లెజోంగార్. రోడ్రిగ్స్ రెండు సీట్లూ అక్కడి పార్టీ ఓపీఆర్ గెలుచుకుంది.

గ్రూప్స్_ప్రిపరేషన్_అశోక్‌నగర్:
అర్థమైంది అక్కా, వెనకాల ఎంతో కొంత జనం ఓటు ఉందన్నమాట. మన నామినేటెడ్ సీటుకి అది లేదు. జనాభా మాత్రం ఏ సెన్సస్‌ది?

కోరంగి_మునిమనవడు:
1972ది. నాకు కడుపు మండేది అక్కడే. 1982లో రాజ్యాంగం మార్చి ఆ లెక్కని అక్కడే ఆపేశారు, ఆ తర్వాత సెన్సస్‌లో సముదాయం అడగడమే మానేశారు. యాభై ఏళ్లు దాటిన జనాభా లెక్కతో ఈ రోజు సీట్లు పంచుతున్నారు. పైగా 18 ఏళ్ల పిల్ల నామినేషన్ వేయాలంటే ముందు తను ఈ నాలుగు పెట్టెల్లో ఏ పెట్టెలో ఉందో రాయాలి. నాన్న తెలుగు, అమ్మ క్రియోల్ అయిన పిల్లలు మా వీధిలోనే ముగ్గురున్నారు, వాళ్లు ఏం రాస్తారు? రాయము అని రెజిస్తాన్స్ ఎక్ అల్టర్నేటివ్ పార్టీవాళ్లు పోరాడి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లారు. 2012లో కమిటీ వాళ్ల పక్షానే చెప్పింది. 2014లో ఆ ఒక్క ఎన్నికకి రాయకపోయినా ఫర్వాలేదని తాత్కాలిక సవరణ చేశారు, తర్వాత షరా మామూలే. అదే పార్టీ ఇప్పుడు గెలిచిన కూటమిలో ఉంది. ఇప్పుడైనా తీసేయాలి.

రోజ్‌హిల్_కోడలు:
అన్నయ్యా, మీరన్న 1972 లెక్క తప్పే, ఒప్పుకుంటా. మా అబ్బాయికి 19, వాడూ మీలాగే వాదిస్తాడు. కానీ మొత్తం తీసేయడం నాకు భయం. స్వాతంత్ర్యం మార్చి 12న అయితే, అదే 1968 జనవరిలో పోర్ట్ లూయిస్‌లో క్రియోల్, ముస్లిం వాడల మధ్య కొట్లాటలు. మామగారికి అప్పుడు 14 ఏళ్లు. పక్కింటివాళ్లు సామాన్లు బండిలో వేసుకుని రాత్రికి రాత్రి వేరే వాడకి వెళ్లిపోవడం కళ్లారా చూశానని ఇప్పటికీ చెప్తారు, ఆ ఇంట్లో కుట్టుమిషన్ ఒకటి వాకిట్లోనే వదిలేసి వెళ్లారట, నెలల తరబడి అలాగే ఉండిపోయిందట. హిందువులు దాదాపు సగం మంది ఉన్న దేశంలో మిగతావాళ్లకి సభలో మా మనిషి ఉన్నాడన్న ధైర్యం కావాలి కదా. మనం హిందూ లెక్కలో ఉన్నాం కాబట్టి మనకి ఆ దిగులు తెలియదు. పోనీ తీసేసి ఏం పెడతారో ముందు చూపించమనండి.

కోరంగి_మునిమనవడు:
కుట్టుమిషన్ మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను చెల్లెమ్మా. మా నాన్న ఆ రోజుల గురించి అడిగితే నోరు విప్పేవారు కాదు. సరే, దామాషా సీట్లు పెట్టి, పార్టీలు ఆ జాబితాలో అందరికీ చోటిచ్చేలా చట్టం చేస్తే? నా ఆశ అదే. అయితే ఆ జాబితా పార్టీ నాయకుడి చేతిలోనే ఉంటుందన్న భయం నాకూ ఉంది.

ఎబెన్_అకౌంట్స్:
ఇంత చెప్తారనుకోలేదు, ఇద్దరికీ నమస్కారాలు. ఒక్క సందేహం. కామన్వెల్త్ దేశం పౌరుడు రెండేళ్లు వరసగా ఇక్కడ ఉంటే ఓటు నమోదు చేసుకోవచ్చట, నిజమేనా? నేను ఇండియన్‌నే.

రోజ్‌హిల్_కోడలు:
నిజమే. రాజ్యాంగంలో ఉంది. పౌరసత్వం రాకముందే నేనూ అలాగే వేశాను. కానీ బయటి పనివాళ్లు ఓటేస్తే ఫలితం మారుతుందని ఇక్కడివాళ్లలో చాలామందికి కోపం ఉంది, 2024లో పెద్ద గొడవే అయింది. హక్కు ఉంది, వేయడం వేయకపోవడం నీ ఇష్టం. వేస్తే మాత్రం ఆ ముగ్గురి గురించీ తెలుసుకుని వెయ్యి.

ఎబెన్_అకౌంట్స్:
సరే అక్కా. రెండేళ్లలో వెళ్లిపోయేవాణ్ణి, ఐదేళ్లు వీళ్లని ఎవరు పాలించాలో నేను చెప్పడం ఏమిటని మనసు ఒప్పుకోవట్లేదు. ఇంకా ఆలోచిస్తున్నా.