కాఖేతి రెడ్ వైన్ బోర్డో పక్కన నిలబడుతుందా?

తీగమల్లి:
వేరే చర్చలో ఒకాయన "జార్జియా వైన్ టూరిస్టుల కోసం చేసే మట్టికుండ సరుకు" అని ఒక ముక్క రాసి వెళ్లిపోయారు. జవాబు ఇక్కడ పెడుతున్నా. కాకసస్ దేశం జార్జియాలోని కాఖేతి ప్రాంతంలో సపెరవి ద్రాక్షతో చేసిన మంచి రెడ్ వైన్‌ని లేబుల్ కనబడకుండా గుడ్డ చుట్టి, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు పేరున్న వైన్ పక్కన పెట్టి తాగించండి. నిలబడుతుంది. సపెరవిలో తొక్కే కాదు, గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది. రంగు, పులుపు, వగరు మూడూ దండిగా ఉన్న ద్రాక్ష. 1976లో పారిస్‌లో బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ పెట్టిన పోటీ గుర్తుందా? ఫ్రెంచ్ జడ్జీలే, లేబుల్ చూడకుండా, కాలిఫోర్నియా వైన్ స్టాగ్స్ లీప్ 1973ని (అది ద్రాక్ష కోసిన ఏడు) బోర్డో వైన్ మూతోన్ రోత్‌షీల్డ్ 1970 కన్నా పైన పెట్టారు.

పాతసీసా:
మళ్లీ 1976! ఈ పోటీ పేరు ఎత్తకుండా ఈ వాదన చేసేవాళ్లు ఒక్కరైనా దొరుకుతారేమోనని చూస్తున్నా. మొదటి రెండు వైన్ల మధ్య తేడా ఎంత? చాలా స్వల్పం. పైగా ఆ వయసుకి బోర్డో ఇంకా విచ్చుకోదు. గొప్ప వైన్ సంగతి ముప్పై ఏళ్ల తర్వాత మూత తీస్తే తెలుస్తుంది.

తీగమల్లి:
తీశారు కదండీ. 2006లో, సరిగ్గా ముప్పై ఏళ్లకి, అవే రెడ్ వైన్లు మళ్లీ పోశారు. మొదటి అయిదు స్థానాలూ కాలిఫోర్నియావే. రిడ్జ్ మోంటె బెల్లో 1971కి మొదటి స్థానం.

పాతసీసా:
అది కాలిఫోర్నియా. మీరు శీర్షికలో రాసింది కాఖేతి. ముప్పై ఏళ్ల సపెరవి ఒకటి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

వగరుబాబు:
సపెరవి తాగాక అద్దంలో చూసుకుంటే పళ్లు నల్లగా ఉన్నాయి. నాకు గుర్తున్నది అదే.

చిన్నగ్లాసు:
ఆ మట్టికుండ గోల ఏంటో ఎవరైనా చెప్తారా?

మట్టిజాడీ:
దాన్ని క్వెవ్రి అంటారు. గుడ్డు ఆకారంలో పెద్ద మట్టి జాడీ, లోపల తేనెమైనం పూత. మెడదాకా నేలలో పాతేస్తారు. రసం, తొక్కలు, గింజలు, ఒక్కోసారి కాడలతో సహా అందులోనే పులుస్తుంది, నేల చల్లదనం వల్ల వేడి మరీ పెరగదు. ర్కాత్సితెలి లాంటి తెల్ల ద్రాక్షని కూడా ఇలాగే నెలల తరబడి తొక్కలతో ఉంచుతారు. అందుకే ఆ వైన్ తేనెరంగుకి తిరిగి, రెడ్ వైన్‌లా వగరుగా ఉంటుంది. 2013లో యునెస్కో ఈ పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చింది. జార్జియాలో తవ్వకాల్లో దొరికిన మట్టిపాత్రల్లో సుమారు 8,000 ఏళ్ల నాటి వైన్ ఆనవాళ్లు ఉన్నాయి.

పాతసీసా:
8,000 ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల దగ్గర ముప్పై ఏళ్ల సీసా ఎందుకు లేదో మరి.

మట్టిజాడీ:
ఎందుకంటే మధ్యలో సోవియట్ కాలం వచ్చింది. పెద్ద ఫ్యాక్టరీలు, ఎన్ని లీటర్లు తీశారన్నదే లెక్క. దాని మీద 1985లో గోర్బచేవ్ మద్యవ్యతిరేక ఉద్యమం, తోటలు పీకేశారు. కోలుకునేసరికి 2006లో రష్యా జార్జియా వైన్ దిగుమతి ఆపేసింది. అప్పటికి వాళ్ల సరుకు ఎక్కువగా పోయేది అక్కడికే. ఆ దెబ్బతోనే నాణ్యత చూసే కొత్త మార్కెట్లు వెతుక్కున్నారు. ఇందులో నేల తప్పేముంది, ద్రాక్ష తప్పేముంది?

పాతసీసా:
తప్పు ఎవరిదని నేను అడగలేదు. సీసా ఉందా, లేదా?

తీగమల్లి:
సీసా సీసా అంటున్నారు కాబట్టి నా సంగతి వినండి. మంచి పేరున్న బోర్డో, పాత వింటేజ్, బోనస్ డబ్బు మొత్తం పెట్టి కొన్నాను. ఇంటికి పెద్దవాళ్లు వచ్చిన రోజు తీస్తే తడిసిన అట్టపెట్టె వాసన. కార్క్ చెడిపోయింది. అమ్మినవాళ్లని అడిగితే "పాత వైన్ అలాగే ఉంటుంది సార్" అన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఇదా మీ ముప్పై ఏళ్ల గొప్ప?

పాతసీసా:
కార్క్ చెడితే బోర్డో ఏం చేస్తుంది? కార్క్ చెట్టు బెరడు నుంచి వస్తుంది, మచ్చ ఎక్కడైనా ఉండొచ్చు. మీ సపెరవికి కొట్టేది కూడా కార్కే కదా?

తీగమల్లి:
కార్క్ అదే కావచ్చు, నేను పోగొట్టుకున్న డబ్బు అదే కాదు.

చిన్నగ్లాసు:
కార్క్ మీద వేరే చర్చ ఉందండీ.

తీగమల్లి:
సరే, అసలు విషయం చెప్తా. ఈ "గొప్ప" ఎక్కడ పుట్టింది? 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్ దళారులు అక్కడి మెడాక్ ప్రాంతపు తోటలకి ర్యాంకులు ఇచ్చారు. దేన్ని బట్టి? ఏ తోట వైన్ ఎంతకి అమ్ముడవుతుందో దాన్ని బట్టి. తర్వాత చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటే, 1973లో మూతోన్‌ని మొదటి వరసలోకి తేవడం. ధర ఉంది కాబట్టి గొప్ప, గొప్ప కాబట్టి ధర. నువ్వు తాగేది వైన్ కాదు, లేబుల్.

పాతసీసా:
"నువ్వు" ఎప్పటి నుంచి వచ్చింది? మర్యాద.

లేబుల్ అన్నారు కాబట్టి నేనూ దాపరికం లేకుండా చెప్తా. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఏటా కొంచెం కొంచెంగా కొని పెట్టుకున్నాను. చాలావాటికి ఇంకా మూత తీయలేదు. పిల్లల పెళ్లిళ్లకి తీద్దామని. నాకు రుచి పోటీ అక్కర్లేదు. ఇప్పుడు కొని, రుచి చూడకుండా పక్కన పెట్టి, పాతికేళ్ల తర్వాత ధైర్యంగా అతిథి ముందు పెట్టగలనా? ఆ భరోసా బోర్డో ఇస్తుంది. కాఖేతి ఇవ్వదు. నా దృష్టిలో సాటి రావడం అంటే అదే.

తీగమల్లి:
ఇది మొదటే చెప్పి ఉంటే సగం టైపింగ్ తప్పేది. నేను గ్లాసులో ఉన్నదాని గురించి మాట్లాడుతున్నా, మీరు బీరువాలో ఉన్నదాని గురించి.

మట్టిజాడీ:
తీగమల్లి గారూ, నాకు మీతోనే ఎక్కువ పేచీ. గుడ్డ చుట్టి బోర్డో పక్కన పెట్టాలన్నారు. మీరు గెలిపించాలనుకునే సపెరవి ఏది? కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపాలో నానబెట్టి, వెనిల్లా వాసన పట్టించినదేనా? 2004లో బెర్లిన్‌లో లేబుల్ చూడకుండా పెట్టిన పోటీలో ఇదే జరిగింది. చిలీ వినెదో చాద్విక్ 2000 మొదటిది, సెన్యా 2001 రెండోది, బోర్డో వైన్ లఫీత్ 2000 మూడోది. పోటీ పెట్టించింది ఆ చిలీ వైన్ల యజమానే, అది పక్కన పెట్టండి. బోర్డో ద్రాక్షతో, బోర్డో పద్ధతిలో చేసి బోర్డోని దాటారు. కొలబద్ద ఎవరిది? క్వెవ్రి సపెరవిని ఆ వరసలో పెడితే, ఆ రుచికి అలవాటు పడ్డ జడ్జి "గరుకుగా ఉంది" అని పక్కన పెట్టేస్తాడు. కాఖేతి రైతు అది చూసి మర్నాడు సపెరవి పీకి బోర్డో ద్రాక్ష కాబెర్నే వేస్తాడు.

తీగమల్లి:
అంటే పోటీకే వెళ్లొద్దా? తలుపు కొట్టకపోతే ఎవరు తీస్తారు? ఓక్‌లో పెట్టినా సపెరవి సపెరవే.

మట్టిజాడీ:
లెబనాన్‌లో షాతో ముసార్ అనే వైన్ తయారీ సంస్థని చూడండి. బెకా లోయ ద్రాక్ష, అంతర్యుద్ధం మధ్యలోనే తయారీ. 1976లో అసలు వైనే చేయలేకపోయారు. అయినా బోర్డోలా ఉండాలని వంగలేదు. దాన్ని నడిపిన సెర్జ్ హొషార్‌కి 1984లో డికాంటర్ అనే వైన్ పత్రిక మొట్టమొదటి "మ్యాన్ ఆఫ్ ద ఇయర్" ఇచ్చింది.

పాతసీసా:
ముసార్ పాతవి నా దగ్గరా ఉన్నాయి. అది వేరే.

వగరుబాబు:
ఎందుకు వేరే? లెబనాన్ పేరున్న ప్రాంతమా?

పాతసీసా:
దశాబ్దాలు నిలిచిందని చూపించింది కాబట్టి. ఓక్‌లో పెట్టినా, మట్టిలో పెట్టినా నాకు ఒకటే. 2000కి ముందు నాటి సపెరవి ఎవరి దగ్గరైనా ఉంటే మూత తీసి, ఎలా ఉందో ఇక్కడ రాయండి. అప్పటిదాకా నా మాట మార్చను.

తీగమల్లి:
మట్టిజాడీ గారూ, ఓక్ గురించి మీరింకా జవాబు చెప్పలేదు.