పాత ట్రాక్టర్ స్టీరింగ్ వదులు: బాక్సు మార్చాలా, రాడ్లు చూడాలా?

కొల్లేటి గట్టు:
అందరికీ నమస్కారమండి. మాది 1994 మోడల్, 35 హార్స్ పవర్ బండి. పవర్ స్టీరింగ్ కాదు, మామూలుదే. దాళ్వా దమ్ము అయ్యాక స్టీరింగ్ బాగా వదులైపోయింది. పావు చుట్టు తిప్పేదాకా ముందు టైరు కదలదు. ఖాళీ బండి అయితే ఎలాగో నడుపుకోవచ్చు. వెనకాల ధాన్యం బస్తాల ట్రక్కు ఉంటే మాత్రం గట్టు మీద ఎడమకి లాగేస్తోంది. ఒక పక్క పంట కాలువ, ఇంకో పక్క చేపల చెరువు. నాన్నగారు ఇక ట్రక్కు కట్టొద్దనేశారు. కుడికి తిప్పాలంటే బరువుగా కూడా ఉంటోంది. స్టీరింగ్ బాక్సు కింద ఆయిల్ కారుతోంది. మా మేస్త్రి బాక్సు మొత్తం మార్చాల్సిందే అంటున్నారు. అంత డబ్బు పెట్టే ముందు ఇంకేం చూడాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత పానా:
మీ నాన్నగారు చెప్పిందే సరైనది బాబూ. తేలేదాకా రోడ్డెక్కించకండి.

బాక్సు సంగతి తర్వాత. ఇద్దరు మనుషులు చాలు, సగం రోగం అక్కడే బయటపడుతుంది. బండి సమంగా ఉన్న నేల మీద, ఇంజన్ ఆపి, టైర్లు నేల మీదే ఉంచండి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని కొంచెం ఎడమకి, కొంచెం కుడికి ఊపుతూ ఉండాలి. రెండోవారు ఒక్కో జాయింటు మీద అరచెయ్యి పెట్టి చూడాలి. స్టీరింగ్ రాడ్డు కదిలి, దాని చివర ఆర్ము కదలకపోతే ఆ బాల్ జాయింటు పోయినట్టే. కంటికి కనపడని ప్లే (వదులు) కూడా చేతికి టక్కుమని తెలుస్తుంది. డ్రాప్ ఆర్ము (బాక్సు నుంచి వచ్చి రాడ్డుని తోసే ఆర్ము) బాక్సు షాఫ్టు మీద కూర్చునే చోటు మర్చిపోకండి. బోల్టు వదులై పళ్ళు అరిగి ఉంటే షాఫ్టు తిరుగుతుంది, ఆర్ము ఆలస్యంగా కదులుతుంది. చాలామంది ఇక్కడ చూడకుండానే బాక్సు విప్పేస్తారు.

ఒకటి చెప్పండి. బాక్సుకి ఒక పక్కే ఆర్ము ఉందా, రెండు పక్కలా ఉన్నాయా?

కొల్లేటి గట్టు:
రెండు పక్కలా ఉన్నాయండి. ఇంజన్‌కి అటొక రాడ్డు, ఇటొక రాడ్డు ముందుకెళ్తాయి.

పాత పానా:
అయితే మీకు ఇంకో మంచి గుర్తు దొరుకుతుంది. పాత మాస్సీ ఫెర్గూసన్ 35, 135 రకాల్లో ఉండే అమరిక ఇదే. ఏ ముందు టైరుకి ఆ రాడ్డు విడిగా ఉంటుంది. అందుకని స్టీరింగ్ ఊపుతున్నప్పుడు రెండు ముందు టైర్లనీ ఒకేసారి గమనించండి. రెండూ ఒకే మాదిరిగా ఆలస్యంగా కదిలితే బాక్సు లోపలో, పైన స్టీరింగ్ చక్రం కింది షాఫ్టు బేరింగు దగ్గరో అరుగుదల ఉంది. ఒకటి వెంటనే కదిలి ఇంకోటి ఆగి కదిలితే బాక్సు మీద అనుమానం చాలావరకు తీసేయొచ్చు. ఆ ఆలస్యమైన పక్క ఆర్ము, రాడ్డు, జాయింట్లు వెతకండి.

నల్లరేగడి (ఆదిలాబాద్ దిక్కు):
అన్నా, బరువు అయితుందని గూడ అన్నవు కదా. ప్లే వేరు, బరువు వేరు. రెండిటికీ ఒకటే కారణం అనుకుంటే తిప్పలే.

బరువుకు మా దగ్గర ఎక్కువ దొరికేది కింగ్ పిన్ను, అంటే ముందు టైరు అటూ ఇటూ తిరిగేటందుకు యాక్సిల్ చివర ఉండే నిలువు పిన్ను. ముందు యాక్సిల్ కింద జాకీ పెట్టి లేపు, దాని పక్కన గట్టి చెక్క దిమ్మె గూడ పెట్టు, జాకీ ఒక్కదాన్ని నమ్మకు. ఎనక టైర్లకు రాళ్ళు పెట్టు. టైరును పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టి ఊపు. ఊగుతుంటే హబ్బు ఎనక చూడు. టైరు ఒక్కటే ఊగితే వీల్ బేరింగ్ వదులైంది, దాన్ని సర్దొచ్చు. టైరుతోటి స్పిండిల్ (హబ్బును మోసే కడ్డీ) గూడ ఊగుతుంటే కింగ్ పిన్ను బుష్షులు పోయినయి. ఊగుడు లేకుండ తిప్పుతుంటే పట్టేసినట్టు ఉంటే లోపల గ్రీజు ఎండిపోయింది, లేదంటే బురద చేరింది.

ఇంకో ముచ్చట. గ్రీజు ఎప్పుడు కొట్టినా ముందు భాగం లేపి కొట్టు. బండి బరువు దాని మీద ఉన్నప్పుడు కింది బేరింగుల సందు ఉండదు, గ్రీజు పోదు. లేపి, టైరు అటూ ఇటూ తిప్పుకుంట కొడితే పాత నల్ల గ్రీజు బయటికి వస్తది. కొత్త రంగు కనపడేదాకా కొట్టాలె. నిప్పిల్ మూసుకపోతే డీజిల్‌తో కడుగు, అయినా పోకపోతే మార్చెయ్యి, దాని ధర ఎంతని.

దమ్ము చక్రం:
నల్లరేగడి గారితో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తా. మా తణుకు వైపు దమ్ము రోజుల్లో ముందు యాక్సిల్ బురదలోనే ఉంటుంది. పొద్దున్న ఒకసారి గ్రీజు కొట్టి వదిలేస్తే చాలదు, సాయంత్రం కడిగాక మళ్ళీ కొట్టాలి. కడిగిన నీళ్ళు బుష్షులోనే నిలిచిపోతే రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది.

బాక్సు ఆయిల్ కూడా చూడండి. మూత విప్పి ఒక పుల్ల ముంచండి. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్ళు చేరినట్టు. దించేసి, డీజిల్‌తో కడిగి, కొత్తది పోయాలి. కింద కారడం ఆయిల్ సీల్ వల్ల కావచ్చు, అదేమీ పెద్ద ఖర్చు కాదు. కానీ సీల్ వేసేముందు షాఫ్టుని వేలితో ఊపి చూడండి. షాఫ్టు బుష్షు అరిగిపోయి ఉంటే కొత్త సీల్ కూడా కొద్దిరోజుల్లో మళ్ళీ కారుతుంది.

చెరుకు బండి:
సీల్ ఎందుకండీ, చాలామంది బాక్సులో గ్రీజు నింపేస్తారు. కారదు. పైన సర్దుబాటు స్క్రూ ఉంటుంది, ఒక అర చుట్టు బిగిస్తే ప్లే కూడా పోతుంది.

పాత పానా:
రెండూ వద్దని గట్టిగా చెప్తాను. మామూలు గ్రీజుని పళ్ళు పక్కకి తోసేస్తాయి, తోసిన చోటికి అది తిరిగి రాదు. పై బేరింగు ఎండిపోతుంది. మాన్యువల్‌లో గేర్ ఆయిల్ అని ఉంటే ఆ నంబర్ ఆయిలే పోయాలి. కారుతుంటే సీల్ మార్చాలి.

స్క్రూ విషయం ఇంకా ముఖ్యం. బండి జీవితంలో ఎక్కువ భాగం తిన్నగానే నడుస్తుంది. కాబట్టి బాక్సు లోపల ఎక్కువ అరుగుదల మధ్యలోనే ఉంటుంది, చివరల్లో తక్కువ. మధ్యలో ప్లే పోయేదాకా స్క్రూ బిగిస్తే, పూర్తిగా తిప్పినప్పుడు చివర్లో పట్టేస్తుంది. మడి చివర మలుపులో స్టీరింగ్ తిరిగి రాకుండా ఆగిపోతే ఏమవుతుందో ఆలోచించండి. సర్దుబాటు చెయ్యొచ్చు, కానీ రాడ్లు రెండూ విప్పి పక్కన పెట్టి, టైర్ల బరువు లేకుండా చెయ్యాలి. కొంచెం బిగించడం, ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడటం. ఎక్కడైనా బరువు తగిలితే వెనక్కి వదలాలి. లాక్ నట్టు బిగించాక మళ్ళీ ఒకసారి తిప్పి చూడాలి. జాయింట్ల ప్లేని బాక్సు స్క్రూతో దాచకూడదు.

చెరుకు బండి:
రాడ్లు విప్పి చూడటం అనేది నాకు తెలియదండీ. మంచి విషయం చెప్పారు.

పెన్న గట్టు:
అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది కదా, ట్రాక్టర్ నిర్వహణ, మరమ్మతు మీద రైతులకి శిక్షణ ఇస్తారు. మన కుర్రోళ్ళు వెళ్ళి నేర్చుకుంటే ఇట్లాంటివి ఇంటి దగ్గరే చూసుకోవచ్చప్పా.

నా ప్రశ్న వేరే. మాది పవర్ స్టీరింగ్ బండి, అదీ పాతదే. స్టీరింగ్ చక్రం ఊరికే తిరుగుతా ఉంటుంది, టైర్లు మాత్రం నిదానంగా కదులుతాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, రెండు మూడు గంటలు దున్నితే మొదలు. ఆయిల్ మట్టం సరిగానే ఉంది.

వర్క్‌షాప్ కబుర్లు:
చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక జారిపోతోందంటే లోపల ఎక్కడో లీకు. వేడికి ఆయిల్ పల్చబడి సందుల్లోంచి దాటిపోతుంది. ముందు సులువైనవి చూడండి. డబ్బాలో ఆయిల్ నురగ కడుతోందా? కడితే పీల్చే పైపు దగ్గర గాలి లాగుతోంది. ఫిల్టర్ ఎప్పుడు మార్చారు?

అవి బాగుంటే మూడు అనుమానాలు: పంపు, చక్రం కింద ఉండే స్టీరింగ్ యూనిట్, ముందు సిలిండర్. సిలిండర్‌ని విడదీసి చూడటానికి ఒక పద్ధతి. స్టీరింగ్ ఒక పక్కకి చివరిదాకా తిప్పి ఇంజన్ ఆపండి. సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వచ్చే పక్క పైపు విప్పి, ఆ పైపు చివర గట్టిగా మూత వెయ్యండి, సిలిండర్ రంధ్రం కింద డబ్బా పెట్టండి. ఇంజన్ వేసి, అదే పక్కకి చక్రం ఒత్తి పట్టండి. మొదట కొద్దిగా కారి ఆగితే సిలిండర్ బాగున్నట్టే. ఆగకుండా వస్తూ ఉంటే పిస్టన్ సీల్ పోయింది. రెండో పక్కకి తిప్పొద్దు. ఇంజన్ నడుస్తుండగా టైర్ల దగ్గర ఎవరూ నిలబడకూడదు. ఎక్కడ కారుతోందో చేతితో తడిమి చూడకండి, అట్ట ముక్క అడ్డం పెట్టి చూడండి. ఒత్తిడి మీద వచ్చే సన్నటి ఆయిల్ ధార చర్మంలోకి దూరిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

స్టీరింగ్ యూనిట్‌ని మాత్రం ఇంట్లో విప్పకండి. లోపలి పళ్ళ చక్రాన్ని గుర్తు ప్రకారం కూర్చోబెట్టకపోతే, ఇంజన్ వెయ్యగానే స్టీరింగ్ తనంతట తానే గిర్రున తిరుగుతుంది. చేతులు విరుగుతాయి.

పెన్న గట్టు:
నురగ ఉంది అన్నా. ముందు ఆ పైపు క్లిప్పులు, ఫిల్టర్ చూస్తా. చానా థాంక్స్.

దమ్ము చక్రం:
గట్టు గారూ, ట్రక్కు కట్టినప్పుడు లాగేస్తోందన్నారు కాబట్టి ఇదీ చెప్తున్నా. ట్రక్కులో బరువు ముందువైపు ఎక్కువైతే కొక్కెం మీద ఒత్తిడి పెరిగి ట్రాక్టర్ ముందు భాగం తేలికవుతుంది. అప్పుడు స్టీరింగ్ ఎంత బాగున్నా టైర్లు నేలని పట్టవు. ట్రాక్టర్ మొత్తం బరువులో కనీసం 20 శాతం ముందు యాక్సిల్ మీద ఉండాలి. బస్తాలు ట్రక్కు ఇరుసు మీదకి సమంగా పడేలా సర్దండి, ముందు బంపర్ బరువులు తీసేసి ఉంటే మళ్ళీ పెట్టండి.

కొల్లేటి గట్టు:
మీరందరూ చెప్పినట్టే చూశామండి. కుడి టైరు వెంటనే కదిలింది, ఎడమది ఆగి కదిలింది. ఎడమ డ్రాప్ ఆర్ము బోల్టు వదులు, ఆర్ము లోపలి పళ్ళు సగం అరిగిపోయాయి. షాఫ్టు పళ్ళు మాత్రం బాగున్నాయి. అదే పక్క ముందు బాల్ జాయింటు కూడా గిలగిలలాడుతోంది. కుడి కింగ్ పిన్నులోకి గ్రీజు అసలు దిగడం లేదు, విప్పితే బుష్షు ఎర్రగా తుప్పు. మా మేస్త్రి ఆర్ముకి వెల్డింగ్ పెట్టి సరిపెడదామంటున్నారు. ఏమంటారు?

నల్లరేగడి:
వద్దన్నా. వద్దే వద్దు. స్టీరింగ్ ఆర్ముకు, బాల్ జాయింటుకు వెల్డింగ్ పెడితే ఆ పక్కన ఇనుము పెళుసైతది. ఎప్పుడు ఇరుగుతదో తెల్వదు. మీకు రెండు పక్కల్లా నీళ్ళు. కొత్తది తెచ్చుకో.

పాత పానా:
విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుంది. పాత ఆర్ము, పాత జాయింటు చేతిలో పట్టుకెళ్ళండి, పళ్ళ లెక్క, టేపర్ (జాయింటు పిన్ను సన్నబడే వాలు) పోల్చి చూసుకోండి. రాడ్డు ఒక చివర ఎడమ మరలు ఉండొచ్చు, విప్పేటప్పుడు గమనించండి. విప్పే ముందే ఆర్ముకీ షాఫ్టుకీ గుర్తు పెట్టండి. ఒక పన్ను తప్పినా స్టీరింగ్ ఒక పక్క తక్కువ తిరుగుతుంది. బాల్ జాయింటుని ఆర్ము నుంచి ఊడదీయడానికి సుత్తితో బాదొద్దు, పుల్లర్ వాడండి.

కొల్లేటి గట్టు:
కొత్త ఆర్ము, జాయింటు, కింగ్ పిన్ను బుష్షులు, బాక్సు సీల్ వేశాం. బాక్సు స్క్రూ ముట్టుకోలేదు. ఇప్పుడు చక్రం అంచు దగ్గర రెండు వేళ్ళంత ప్లే మిగిలింది. కుడికి తిప్పినా తేలిగ్గానే ఉంది. కానీ కొత్త జాయింటు వేశాక టైర్లు వంకరగా కనిపిస్తున్నాయండి.

పాత పానా:
పాత బండికి ఆ ప్లే పర్వాలేదు. టైర్ల వంకర సర్దాలి, లేకపోతే తొందరగా అరుగుతాయి. స్టీరింగ్ తిన్నగా పెట్టి, రెండు టైర్ల మధ్య గీతల మీద, హబ్బు ఎత్తులో, ముందు పక్క సుద్దతో గుర్తు పెట్టి దూరం కొలవండి. బండిని కొంచెం ముందుకి నెట్టి ఆ గుర్తులే వెనక్కి వచ్చాక మళ్ళీ కొలవండి. ముందు కొలత వెనక కొలతకన్నా కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, ఎన్ని అన్నది మీ మాన్యువల్‌లో ఉంటుంది. మీకు రెండు రాడ్లు కాబట్టి రెండిటినీ సమంగా సర్దండి. ఒక్కదాన్నే తిప్పితే బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ చక్రం వంకరగా ఉంటుంది.

నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపండి, వెనక్కి వదిలి కలపొద్దు. పాత పిన్ను వాడకండి. మొదట పది గంటలు పని చేశాక ఆర్ము బోల్టు మళ్ళీ ఒకసారి పానా వేసి చూడండి.